సగం బుర్ర

కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావని నన్ను అడిగిన మొదటి మనిషి, భద్రాచలం క్యాంపుకు వచ్చిన పిల్లల డాక్టరమ్మ. అప్పటికి నా బిడ్డ మౌనికకు ఐదేళ్లు నిండాయి.

అంతకుముందు చూపించని చోటు లేదు. మా గూడెం పూజారి వడ్డె గింజలు వేసి చూసి, ముత్యాలమ్మకు మొక్కు తీరలేదన్నాడు. మా ఆయన రమణ, గ్రహణం నాడు నేను బయట తిరగబట్టే ఇలా అయిందన్నాడు. మా అత్త ఎర్రమ్మ అయితే, మా తల్లిగారి వంశంలోనే ఎవరికో మతి తక్కువై ఉంటుందని గూడెమంతా చెప్పుకొచ్చింది. తలా ఒక మాట అన్నారు గానీ ఏం తిన్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఏం తిన్న మేడం, జావ తాగిన," అన్నాను.

"ఎంత?"

దోసిలి పట్టి చూపించాను. అదీ ఎక్కువేననిపించి వేళ్లు కొంచెం దగ్గరికి ముడిచాను.

"పూటకా అది?"

"పొద్దుగాల గంత, మాపటికి గంత."

"మరి గుడ్లు, పాలు, పప్పు?"

"ఇంటికి వచ్చేటియి. నేను తినలే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మౌనిక ఆమె బల్ల కింద కూర్చుని నా చెప్పుల మీద తన చెప్పులు పెట్టి, వాటిని తట్టి తట్టి నవ్వుకుంటోంది. మూడేళ్లు దాటాక నడిచిన పిల్ల. నీళ్లకూ 'బ్బా' అంటుంది, నాకూ 'బ్బా' అంటుంది. మౌనిక అని పేరు పెట్టింది నేనే, టీవీ సీరియల్లో విని ముచ్చటపడి. పేరు పెట్టిననాడే పిల్ల నోరు కట్టేసినవని మా అత్త దెప్పుతుంది.

"చూడమ్మా," అంది డాక్టరమ్మ. "బిడ్డ మెదడు కడుపులో ఉండగానే తయారవుతుంది. తల్లి తినే తిండిలోంచే తయారవుతుంది. నీ ఒంట్లో రక్తమే లేకపోతే, పప్పూ గుడ్డూ ఏదీ నీ నోట్లోకి పోకపోతే, లోపలున్న దానికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ ఇది కారణం కావచ్చు. ఇప్పటి నుంచైనా పాపకు మంచి తిండి పెట్టు, మాట నేర్పించే చోటికి పంపు. కొంత మెరుగవుతుంది."

ఇదొక్కటే కారణమని చెప్పలేనన్న మాట డాక్టరమ్మ దగ్గరే వదిలేసి, ఇది కారణం కావచ్చన్న మాట కొంగున ముడేసుకుని బస్సెక్కాను.

మా కోయ గూడేల్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పైన గోడకు ఒక సొరబుర్ర వేలాడుతుంటుంది. ఎండిన సొరకాయను నిలువునా కోసి, గింజలు గీకేసి, మెడను పిడిగా వదిలేస్తే జావ తోడుకునే గరిటె అవుతుంది. సగం బుర్ర అంటాం. ఇప్పుడందరికీ స్టీలు గరిటెలొచ్చి, బుర్రలు మసి పట్టి ఊరికే వేలాడుతున్నాయి. మా అత్త బుర్ర మాత్రం నేను కడుపుతో ఉన్నన్నాళ్లూ కిందికి దిగుతూనే ఉంది. కడుపుతో ఉన్న పిల్ల పూటకు ఒక్క బుర్రే తాగాలె, కడుపు పెద్దగైతే బిడ్డ అడ్డం పడతది అని కొలిచి పోసేది. పోసి, కుండ మీద మూత పెట్టేది.

అది కరోనా ఏడు. సంతలు బందు, కూలి బందు. అంగన్‌వాడీ నుంచి నా వంతు గుడ్లూ పాలూ ఇంటికే వచ్చేవి. గుడ్ల అట్ట గడప దాటగానే మా అత్త మంచం కిందికి పోయేది. గుడ్డు తింటే బిడ్డకు నెత్తిన వెంట్రుక రాదట. మరి ఆ గుడ్లేమయ్యేవంటే, మా మామ పగిడయ్య సారాలోకి రెండు, ఎదిగే పిల్ల కదా అని మా ఆడబిడ్డ యశోదకు మిగిలినవి. వడ్డించేవాడు మనవాడైతే ఎక్కడ కూర్చున్నా ఒకటే అంటారు. నాకు వడ్డించేది నా మనిషి కాదు.

ఇప్పుడు మా అత్త నా బిడ్డను ఏమని పిలుస్తుందో తెలుసా? 'సగం బుర్రది' అని. ఆమె నోటి నుంచి గూడెం పిల్లలు నేర్చుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా పిల్ల మతి తక్కువతనం గురించే అంటోందనుకునేదాన్ని. బస్సు సారపాక దాటేటప్పుడు నాకు ఆ గోడ మీది బుర్ర కళ్ల ముందుకొచ్చింది. నా బిడ్డకు అందింది సరిగ్గా ఆ కొలతే. మా అత్త తాను పోసిన కొలతనే పేరుగా పెట్టి పిలుస్తోంది.

ఇంటికి చేరి ఒక్క మాట అనలేదు. బీడీలు చుట్టే తునికాకు కోసే దినాలు మొదలయ్యాయి. ఏటా ఆ నెల నేను వాగు అవతల మా తల్లిగారి గూడేనికి పోతాను, అక్కడ అడవి చిక్కన, ఆకు బాగా దొరుకుతుంది. పొద్దున్నే బట్టలు సర్దుకుని, గోడ మీది బుర్ర తీసి సంచిలో వేశాను.

"గదెందుకే?" అన్నాడు రమణ.

"మా అమ్మకు జావ తోడనీకి."

మాది కుండమార్పు పెళ్లి. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి ఇచ్చి పుచ్చుకోవడం. నన్ను రమణకు ఇచ్చిననాడే, యశోద పెద్దదయ్యాక నా తమ్ముడు చిరంజీవికి ఇవ్వాలని మాట అనుకున్నారు. ఇందులో పెద్దలు చూసుకున్న సుఖం ఒకటుంది. నా బిడ్డను నువ్వు ఏడిపిస్తే నీ బిడ్డ నా ఇంట్లోనే ఉంది కదా అని ఇద్దరు అత్తలూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు. మా అత్త తొందరపడింది. ఆమె నాకు కొలిచే రోజుల్లో యశోద ఇంకా ఆమె కొంగు కిందే ఉంది. ఇప్పుడు యశోద రెండేళ్లుగా మా అమ్మ ఇంట్లో ఉంది, ఐదో నెల కడుపుతో.

మా అమ్మ కన్నమ్మకు మోకాళ్లు పట్టేశాయి. తమ్ముడు మిర్చి లోడ్ల మీద కారేపల్లికీ ఖమ్మానికీ తిరుగుతున్నాడు, వారానికోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. నేను గడపలో అడుగు పెట్టగానే అమ్మ, "వచ్చినవా పుష్పా, ఇగ పొయ్యి నీదే," అని చేతులు దులుపుకుంది. నాకు కావలసిందీ అదే.

మరునాడు తెల్లవారకముందే జావ కాచాను. ఆకుకు పోయేవాళ్లు చల్లపొద్దునే తాగి పోవాలి. మౌనికకు గిన్నె నిండా పోశాను. దానికొక అలవాటు, గిన్నె ముందు పెట్టినా సరే దోసిలి పట్టే కూర్చుంటుంది. తరవాత బుర్ర తీసి యశోదకు పోశాను. ఒక్క బుర్ర. పోసి, కుండ మీద మూత పెట్టాను.

యశోద బుర్రను చూసింది. "గిది మా ఇంట్ల బుర్ర గాదా వదినె?"

"అవ్. మీ ఇంట్ల కొలతనే నీకు. కడుపు పెద్దగైతే కాన్పు కష్టమైతదట."

ఆ పిల్ల తాగి, గిన్నెలో నీళ్లు పోసి కడిగి, ఆ కడుగు కూడా తాగేసింది. నేనూ అట్లాగే తాగేదాన్ని. చూసి నా కడుపులో చల్లగా ఏదో దిగింది. అబద్ధమెందుకు, అది సంతోషమే.

అలా రోజులు పోతున్నాయి. పొద్దున ఒక బుర్ర, మాపటికి ఒక బుర్ర. అంగన్‌వాడీకి పోవద్దని నేను చెప్పలేదు, కానీ ఆకు దినాల్లో ఎవరు పోతారు? మధ్యాహ్నం దాకా అడవిలో, ఆ తరవాత ఇంటి ముందు కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టడం, మాపటికి ఆకు కొనే కల్లానికి మోయడం. యశోద ముఖంలో నిగనిగ పోయింది. వంగి ఆకు కోస్తూ కోస్తూ కొమ్మ పట్టుకుని ఆగిపోయేది.

ఒకరోజు పొదల్లో నాకు పక్కనే కోస్తూ, తల ఎత్తకుండానే అంది.

"నీ గుడ్లన్ని నేనే తిన్న వదినె."

"తెలుసు."

"గుడ్డు ఉడుకుతుంటే నువ్వు పొయ్యి కాడికి జరిగి కూసునేదానివి. చలికేమో అనుకున్న. ఎండాకాలంల చలి ఏందని నాకు తెల్వకపాయె." కాసేపు ఆకు కోసింది. "ఇప్పుడు మాపటేళ్ల నాకు అట్లనే అయితుంది. పక్కింట్ల కూర వాసనొస్తే గోడకు ఆనుకుని కూసుంటున్న."

ఆ మాట నా కోపాన్ని చల్లార్చాలి. నాకు ఇంకా మండింది. నేను వాసన పీల్చుకుంటూ కూర్చున్నది చూసిన కళ్లు ఇంట్లో ఉన్నాయన్నమాట. పద్నాలుగేళ్ల పిల్ల చూడగలిగినదాన్ని, ఐదుగురిని కన్న మా అత్త చూడలేదా? ఆమె మూఢనమ్మకం కొద్దీ చేసిందా, తెలిసి తెలిసి చేసిందా? ఆ ఒక్కటి తేలితే చాలని నాకు నిద్ర పట్టేది కాదు.

మా అమ్మ మాత్రం అన్నీ చూస్తూనే ఉంది. ఒక సాయంత్రం ఆకు కట్టలకు నార చుడుతూ, మామూలు మాట లాగే అడిగింది.

"ఆ పొల్లకు గా బుర్రతోటి కొలుసుడేందే?"

"వాళ్లమ్మ నాకు కొలిసిందే. కుండకు కుండ."

"కుండ వాళ్లదేనే. లోపల ఉడికేది మాత్రం మనది. నీ తమ్ముని బిడ్డ అది."

"నీ మనుమరాలి దిక్కు చూడమ్మా," అన్నాను. మౌనిక ఒక ఆకు మీద ఇంకో ఆకు పెట్టి తడుతోంది. "ఐదేండ్ల పిల్ల. అమ్మా అనదు."

"చూస్తనే ఉన్న. ఇంకోదాన్ని చూడమంటవా?"

మా అమ్మ నార కొరికి తెంపింది. "వచ్చే సంత దాక చూస్త. ఆ తర్వాత పొయ్యి నాది, గరిటె నాది. నా మోకాళ్లు పోతే పాయె."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. అయినా మరునాడు మళ్లీ బుర్రే తీశాను. ఎవరు మంచి అన్నా ఎవరు చెడ్డ అన్నా నాకు అక్కరలేదు. మా అత్త కళ్లతో చూడాలి, అంతే.

రెండు గూడేల ఆకూ వాగు ఒడ్డున ఒకే కల్లానికి వస్తుంది. ఆ వారంలోనే ఒకనాడు మా అత్త తన కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. మేము అప్పటికే ఎండలో వరసలు పేరుస్తున్నాం. యశోద వంగి లేచింది. జాకెట్టు భుజాల మీద వదులై, మెడ ఎముకలు బయటికి వచ్చాయి, కడుపొక్కటే ముందుకు కనిపిస్తోంది. మా అత్త నెత్తి మీది మూట దించడం మరిచిపోయి అట్లాగే నిలబడింది.

"ఏందే గిట్లయినవ్? తింటలేవా?"

యశోద నావైపు చూసింది. నేనే చెప్పాను. "తింటుంది అత్తా. పూటకో బుర్ర. కడుపు పెద్దగైతే బిడ్డ అడ్డం పడతదని నువ్వే అంటివి గదా."

మా అత్త నిజంగా ఆ మాట నమ్మిన మనిషే అయితే, మంచి పని చేసినవ్ బిడ్డా అనాలి. అనలేదు. మూట దించి, కట్టలు అప్పగించి, వాగు దాటి వెళ్లిపోయింది.

రెండు రోజుల తరవాత పొద్దున్నే అడవిలో యశోద నా వెనకాల కనిపించలేదు. పిలుద్దామని వెనక్కి తిరిగి నాలుగు పొదలు దాటాను. గొంతులు వినపడి ఆగాను. ఒక తునికి పొద చాటున మా అత్త గొంతుక్కూర్చుని గుడ్డు ఒలుస్తోంది. పక్కన గుడ్డమూటలో ఇప్పపూలు నువ్వులతో దంచి చేసిన ముద్దలు. ఒలిచిన గుడ్డు మీద ఇసుక పడిందేమోనని ఉఫ్ ఉఫ్‌మని ఊదింది.

"వద్దమ్మా," అంటోంది యశోద. "కడుపు పెద్దగైతే కష్టం అన్నవ్ గదా."

"ఆ మాట నీకు గాదే పిచ్చిదానా. పరాయి పిల్లకు చెప్పేది నీకు చెప్తనా? తిను. లోపలోనికి బుర్ర ఎదగాలె."

పొద ఇవతల నేను కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. చేతిలోని ఆకులు నలిగి పచ్చి వాసన వేసింది. నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు జవాబు దొరికింది. తెలుసు. ఆమెకు అప్పుడే తెలుసు. డాక్టరమ్మ చదువుకుని తెలుసుకున్నది, మా అత్త చదవకుండానే ఎరిగి ఉండి, నా కుండ మీద మూత పెట్టింది. అప్పటికప్పుడు పొద దాటి జుట్టు పట్టుకోవచ్చు. పట్టుకుంటే కోడలు అత్తను కొట్టిందని నాలుగు నాళ్లు చెప్పుకుని మరిచిపోతారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నేను అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

మరునాడు కుండెడు జావ కాచి కల్లానికే మోసుకుపోయాను. మాపటేళ కట్టలు అప్పగించే ముందు కల్లం పక్క ఇప్పచెట్టు కింద రెండు గూడేల ఆడవాళ్లూ చేరతారు. మా అత్త కూడా ఉంది. కుండ ఆమె ముందు దించి, మూత తీసి, సంచిలోంచి బుర్ర తీసి ఆమె చేతిలో పెట్టాను.

"అత్తా, నీ బిడ్డ చిక్కిపోయిందని నువ్వు బాధపడ్డవట. కొలుసుడు నాకు సరిగ్గ చేతగాలేదేమో. నీ చేత్తోటి నువ్వే పొయ్యరాదు."

ఆమె బుర్రను తిప్పి చూసింది. పిడి దగ్గర పగులుకు వేసిన తీగకట్టు తాను వేసిందే. చుట్టూ అందరూ కట్టలకు నార చుట్టడం ఆపి చూస్తున్నారు. యశోద గిన్నె పట్టుకుని తల్లి ముందు కూర్చుంది.

మా అత్త ఒక బుర్ర ముంచి పోసింది. యశోద ఎత్తిన గిన్నె దించకుండా తాగేసింది. బుర్ర కుండ అంచు మీద ఆగిపోయింది. ఆమె నా ముఖం చూసింది, కూతురి మెడ ఎముకలు చూసింది. రెండో బుర్ర పోసింది. యశోద అదీ తాగింది. ఈసారి ఎక్కువసేపు ఆగలేదు, మూడోది ముంచింది, పోసేటప్పుడు జావ నేల మీద ఒలికింది.

"ఎన్ని పోసినవ్ అత్తా?"

ఆమె బుర్రను వెనక్కి లాక్కుంది.

"మూడు. నాకు ఎన్ని పోసేదానివి?"

మా అత్తకు వరసకు అక్కయ్యే ముసలామె ఒకతి, పక్కన ఆకులతో ఆడుకుంటున్న మౌనికను చూసి, మళ్లీ మా అత్తను చూసింది. "ఎర్రమ్మా," అంది నెమ్మదిగా. "అయితే గా పొల్ల..." అని ఆపేసింది.

"ఆ ఏడు సంత లేదు, కూలి లేదు," అంది మా అత్త. గొంతు కీచుగా వచ్చింది. "ఉన్నయి నాలుగు గుడ్లు. ఇంటినిండ నోళ్లు. ఎవరికి పెట్టాలె నేను?"

"ఆ గుడ్లు వచ్చిందే నా కడుపు పేరు మీద అత్తా."

నేను అరవలేదు. అరవాల్సిన అవసరం రాలేదు. మా అత్త బుర్రను ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. అంతలో మౌనిక లేచి, జావ వాసనకు కాబోలు, నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు కూర్చుని దోసిలి పట్టింది. "బ్బా," అంది. ఆ దోసిలిలోకి చూస్తూ మా అత్త ఎంతసేపటికీ చెయ్యి ఎత్తలేకపోయింది. నేను సాయం పోలేదు. చివరికి ఆమే గిన్నె వెతికి తెచ్చి, ఒకటి తరవాత ఒకటి బుర్రలు ముంచి పోసింది.

ఆనాటి నుంచి యశోద తిండి నేనే చూసుకున్నాను. మరునాడే నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బరువు పెరగలేదని, రక్తం తక్కువైందని ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఇంకా నెలలున్నాయి, ఇప్పటినుంచి సరిగ్గా తింటే తట్టుకుంటుందని కూడా అంది. ఆ మాట అనేదాకా నేను బెంచీ మీద కూర్చోలేకపోయాను. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, మాత్ర, ఏదీ తప్పనివ్వలేదు. వద్దంటే కసిరి తినిపించాను. మా తమ్ముడు మురిసిపోయి, మా అక్కది వెన్న లాంటి మనసు అని లారీవాళ్లందరికీ చెప్పుకున్నాడట.

వెన్నా లేదు, వేపకాయా లేదు. యశోద బిడ్డ తెలివిగల పిల్లగా పుట్టాలి. కిలకిల నవ్వాలి, ఏడాదికి నడవాలి, రెండేళ్లకు మాటలు గలగలా దొర్లాలి. ఆ పిల్లకు ఏ లోటూ ఉండొద్దు. ఆ పిల్ల మా అత్త ఇంట్లో, మౌనిక పక్కన కూర్చోవాలి. ఒకటి ఆమె కొలిచిన బిడ్డ, ఒకటి నేను వడ్డించిన బిడ్డ. రెంటినీ పక్కపక్కన చూసుకుంటూ ఆమె బతకాలి. యశోదను ఎండబెట్టి ఉంటే ఆమెకు ఏడవడానికి ఒక సాకు దొరికేది, నన్ను తిట్టడానికి ఒక నోరు దొరికేది. ఆ రెండూ నేను ఆమెకు ఇవ్వదలచుకోలేదు.

ఆకు దినాలు అయిపోయాక ఇంటికి వచ్చి బుర్రను కడిగి, మసి తోమి, పొయ్యి పైన అదే మేకుకు తగిలించాను. ఆ ఇంట్లో ఇప్పుడు ముందు తినేది మౌనిక. పెట్టేది మా అత్త. నేను పెట్టమనలేదు, పెట్టొద్దనీ అనలేదు. 'సగం బుర్రది' అన్న మాట ఆమె నోట మళ్లీ రాలేదు. గూడెం పిల్లలెవరైనా అంటే కర్ర పట్టుకుని తరుముతుంది.

వానలు పడుతుండగా యశోదకు కొడుకు పుట్టాడు. కాన్పు కష్టం కాలేదు. కొత్త కాయ కోసుకునే చిక్కుడుకాయ పండుగకు వాణ్ని తీసుకుని అమ్మమ్మగారింటికి వచ్చింది. ఐదు నెలల పిల్లాడు, ఎవరు పలికితే అటు తల తిప్పుతాడు. మా అత్త వాణ్ని ఒళ్లో వేసుకుని చిటిక వేసింది. వాడు చటుక్కున తిరిగి ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. ఆమె ముసలి ముఖం అంతా వెలిగింది. వెంటనే, ఎవరో లోపలి నుంచి లాగినట్టు, పక్కనున్న మౌనిక వైపు తిరిగి అదే చిటిక వేసింది. మౌనిక తన ఆకుల్లో తాను ఉంది. ఆమె మళ్లీ వేసింది. మౌనిక తిరగలేదు.

మా అత్త చెయ్యి దించి, తలెత్తి గోడ వైపు చూసింది.

"ఇగ గా బుర్రను పారేద్దామే పుష్పా," అంది. ఆమె నన్ను అంత మెత్తగా పిలవడం అదే మొదటిసారి.

"ఉండనీ అత్తా. మౌనిక ఉన్నన్ని రోజులు అది గూడ ఉంటది."

పిల్లాడు ఒళ్లో మళ్లీ నవ్వుతున్నాడు. నేనూ వాణ్ని చూశాను, మౌనికను చూశాను. ఇద్దరినీ పక్కపక్కన చూసుకుంటూ బతకమని మా అత్తకు వడ్డించిన విస్తరిలోదే నేనూ తినాలని ఆకు దినాల్లో నాకు తోచలేదు. పొయ్యి మీద జావ పొంగుతోంది, లేచి వెళ్లి మంట తగ్గించాను. మౌనిక అప్పటికే గిన్నె ముందు కూర్చుని దోసిలి పట్టింది.